గురువారాల కరెంటు దొంగ

బ్యాంకులో కార్డుల సీటు ఎవరూ కోరి కూర్చునే సీటు కాదు. డిపాజిట్ల దగ్గరకు జనం నవ్వుతూ వస్తారు, లోన్ల దగ్గరకు వినయంగా వస్తారు, కార్డుల దగ్గరకు మాత్రం పోట్లాడటానికే వస్తారు. తెనాలి బ్రాంచిలో నా సర్వీసు చివరి మూడేళ్ళూ ఆ సీట్లోనే గడిచాయి. ఈమధ్య ఏదో పనిమీద అక్కడికి వెళితే కొత్తగా చేరిన పిల్లలు నన్ను చుట్టుముట్టి, "మేడం, మీరు దొంగను పట్టుకోడానికి రేపల్లె వెళ్ళారంట కదా, నిజమేనా?" అని అడిగారు. నిజమే. అయితే మా క్యాషియరు వాళ్ళకు చెప్పిన కథలో నేను పోలీసు జీపులో వెళ్ళాను, దొంగ చేతిలో కత్తి ఉంది. కనుక జరిగింది జరిగినట్టు రాయక తప్పదు. మీలో రేపు ఆ సీట్లో కూర్చునే వాళ్ళకు పనికొస్తుంది కూడా.

నా రిటైర్మెంటుకు పదకొండు నెలలు ఉందనగా, ఒక సోమవారం పొద్దున ఒక పెద్దాయన వచ్చారు. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎరుపొకటి నలుపొకటి రెండు పెన్నులు. చేతిలో క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు కాగితం ఒకటి. అందులో ఐదుచోట్ల స్కేలు పెట్టి ఎర్రగీతలు గీశారు.

"ఈ కంపెనీ ఏంటండి?" అన్నారు.

ఐదు గీతల పైనా ఒకటే పేరు. ఏదో ఎనర్జీ ప్రైవేట్ లిమిటెడ్, హైదరాబాదు.

"కరెంటు బిల్లేమో మాస్టారూ."

"మా కరెంటు బిల్లు నేను ఆఫీసుకెళ్ళి లైన్లో నిలబడి కడతానండి. పంతొమ్మిదేళ్ళ రసీదులున్నాయి. తెమ్మంటారా?"

"వద్దులెండి. గ్యాసు?"

"బండ తెచ్చినాయన చేతికిస్తా."

"పెట్రోలు?"

"నా స్కూటరు నెలకు రెండు లీటర్లు తాగుతుంది. ఆ రెండు లీటర్లకీ నోట్లే."

"కార్డు ఎవరి చేతికైనా వెళ్ళిందేమో చూశారా?"

"కార్డు బీరువాలో ఉంది. బీరువా తాళం నా మొలతాడుకు ఉంది" అని చొక్కా కొంచెం పైకెత్తబోయారు. నమ్ముతున్నానని కంగారుగా చెప్పాను.

మరి ప్రతి ఖర్చుకూ ఫోనుకు మెసేజి వచ్చి ఉండాలి కదా అని అడిగాను. వచ్చే ఉంటాయన్నారు, తను చదవరట. ఫోన్లో వచ్చేవన్నీ దొంగ మెసేజీలే అనుకోమని మా పెన్షనర్ల మీటింగుకొచ్చి మీరే కదండి చెప్పింది, అన్నారు. స్టేట్‌మెంటు మొదటి పేజీ ఏదని అడిగాను. దానిమీద ఇంటి అడ్రసు ఉంటుంది, అడ్రసు ఎవరికీ చూపొద్దని కూడా మీరే చెప్పారు, అన్నారు. నా ఉపన్యాసం అంత శ్రద్ధగా విన్న విద్యార్థి ఆయన. అక్కడ నేను ఆగి, ఆ మొదటి పేజీ తెచ్చాకే మాట్లాడదామని ఉండాల్సింది. ఆగలేదు. ఆయన ఎక్కడ గీత గీశారో అక్కడే చూశాను, గీత లేనిచోట చూడలేదు.

ఈలోగా క్యాషియరు తన కిటికీ వదిలి వచ్చాడు. అతనికి ప్రతి కేసులోనూ ఒక సిద్ధాంతం ఉంటుంది. "ఇది కరెంటు దొంగతనమే మేడం. ఇదివరకు తీగలకు కొక్కేలు వేసేవాళ్ళు. ఇప్పుడు కార్డుకే వేస్తున్నారు" అన్నాడు. దాంతో మాస్టారి ముఖం పాలిపోయింది. అద్దాల గదిలోంచి మేనేజరు గారు బయటికి వచ్చారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మంచి మనిషి ఆయన, కానీ కంప్లయింటు అనే మాట వింటే ఎక్కిళ్ళు వచ్చేవి. మాట వరసకు అంటున్నాననుకోకండి, నిజంగానే ఎక్కిళ్ళు. "ముందు బ్లాక్ చేసేయండి మేడం" అని ఒక ఎక్కిలి, "తర్వాత ఆలోచిద్దాం" అని ఇంకో ఎక్కిలి. నేను కంప్యూటర్లో మాస్టారి ఖాతా తెరిచి, ఆ ఖాతా కింద ఉన్న కార్డులన్నీ బ్లాకు చేసేశాను. కార్డు'లన్నీ' అని ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు ఆ బహువచనం నా కళ్ళకు ఆనలేదు.

తర్వాత ఆ కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "అవి కారు చార్జింగ్‌లండి. మూడు బాపట్లలో, రెండు రేపల్లెలో" అని తారీఖులూ టైములూ చదివింది. క్యాషియరు క్యాలెండరు తెచ్చి చూస్తే ఐదూ గురువారాలే.

"మాకు కారే లేదండి" అన్నారు మాస్టారు నీరసంగా. అంతలోనే ఆయన కళ్ళు మెరిశాయి. క్యాలెండరు తన వైపు తిప్పుకుని నల్లపెన్నుతో ఏవో చుక్కలు పెట్టారు. "వారం వారం ఒకే రోజు. ఒక వారం బాపట్ల, ఒక వారం రేపల్లె. రేపల్లెలో రెండుసార్లూ పదిన్నర ప్రాంతంలో. ఇది ఆవర్తన చలనమండి. ఈ గురువారం రేపల్లె వంతు. వాడొస్తాడు."

"వచ్చినా కార్డు పనిచేయదు కదండి."

"అదే కావాలి. మిషను వద్దంటుంది. అప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో చూడాలి నాకు" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించారు. "మా ఆవిడకు మాత్రం తెలియకూడదమ్మా. మహా భయస్తురాలు. ఇరవై ఏళ్ళ కింద స్కూటరు నేర్పుదామని ఎక్కిస్తే నన్నూ బండినీ కలిపి తీసుకెళ్ళి గడ్డివాములో పెట్టింది. అప్పట్నించీ చక్రమున్న దేన్నీ ముట్టుకోనివ్వలేదు."

ఇది పోలీసులు చేయాల్సిన పని, నాది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ముప్పైనాలుగేళ్ళు స్టాంపులు కొట్టాను, లెడ్జర్లు మోశాను, కంప్యూటర్లు వచ్చాక మెడ నొప్పి తెచ్చుకున్నాను. ఇంత సర్వీసులో ఒక్కసారైనా దొంగను కళ్ళతో చూడలేదు. గురువారానికి సెలవు పెట్టాను. కారణం అన్నచోట సొంత పని అని రాశాను.

రేపల్లె ప్యాసింజరులో మాస్టారు నాకు కిటికీ పక్క సీటు ఇచ్చారు. ఆయన దగ్గర గొడుగూ, నోటు పుస్తకమూ, పులిహోర డబ్బా ఉన్నాయి. పొలాలు పచ్చగా పరుగెడుతున్నాయి. మా ఇద్దరికీ ఆరోతరగతి పిల్లల విహారయాత్ర ఉత్సాహం వచ్చేసింది.

"ఇంట్లో ఏమని చెప్పారు?" అన్నాను.

"పెన్షను పనన్నాను. ఆవిడ అప్పటికే బయల్దేరింది. బాపట్లలో చర్చి క్వయరుతో పాటల ప్రాక్టీసు. ప్రతి గురువారం వెళుతుందిలెండి."

ప్రతి గురువారం. ఆ మాట నా కుడి చెవిలో దూరి ఎడమ చెవిలోంచి కిటికీ బయటికి వెళ్ళిపోయింది. మా ఇద్దరిలో ఒకరు దేశానికి ఫిజిక్సు నేర్పారు, ఇంకొకరు మోసాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. ఇద్దరమూ పులిహోర బాగుందనుకున్నాం.

రేపల్లెలో ఆ చార్జింగు స్టేషను ఊరి చివర ఒక టిఫిన్ హోటలు పెరట్లో ఉంది. స్టేషనంటే మనుషులెవరూ ఉండరు. బీరువా అంత తెల్లటి మిషను ఒకటి, దానికి లావుపాటి నల్ల గొట్టం. కార్డు తాకిస్తే పచ్చదీపం వెలుగుతుంది, గొట్టం తీసి కారుకు తగిలించుకోవడమే. మేము హోటలు వరండాలో, వేలాడుతున్న అరటిగెలల చాటున బెంచీ చూసుకున్నాం. ఊరికే కూర్చుంటే అనుమానం వస్తుందని మాస్టారు పెసరట్లు చెప్పారు.

పదీ ఇరవైకి కారు కంటే ముందు పాట వినిపించింది. ముగ్గురు ఆడవాళ్ళ గొంతులు, మూడు శ్రుతులు, అద్దాలన్నీ దించి. వెనకాలే చిన్న లేతనీలం కారు పెరట్లోకి తిరిగింది. మిషనుకూ కొబ్బరిబోండాల బండికీ మధ్య ఉన్న సందు చూసుకుని ఆగింది. ముందుకు వచ్చింది, వెనక్కి తిరిగి, ఒక్క ఊపులో, పాట ఆపకుండా ఆ సందులోకి దూరింది.

స్టీరింగు దగ్గర అరవై దాటిన ఆవిడ. నేత చీర, చలువ కళ్ళద్దాలు.

నోటి దాకా వెళ్ళిన మాస్టారి పెసరట్టు ముక్క అక్కడే ఆగింది.

"ఎవరండి ఆవిడ, తెలుసా?" అన్నాను రహస్యంగా.

"మా ఆవిడ" అన్నారు. మళ్ళీ కలలో మాట్లాడినట్టు, "రివర్సు వేసింది" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. రెండేళ్ళ కింద ఈయన భార్య పేరిట అదే ఖాతాకు అదనపు కార్డు ఇచ్చింది నేనే. ఫారం మీద సంతకం నాదే. ఆ కార్డు ఖర్చులు స్టేట్‌మెంటులో వేరే శీర్షిక కింద వస్తాయి, చివరి నాలుగంకెలు వేరేగా ఉంటాయి. ఆ శీర్షిక మొదటి పేజీ అడుగున ఉండి ఉంటుంది.

ఆవిడ దిగి కార్డు తాకించారు. ఎర్రదీపం. మళ్ళీ తాకించారు. ఎర్రదీపం. పక్కసీట్లోంచి పొడుగాటి ఆవిడ దిగారు. బాపట్లలో నర్సుగా చేసి రిటైరయ్యారని, కారు ఆవిడదేనని తర్వాత తెలిసింది. వెనకసీట్లోంచి గుండ్రటి ఆవిడ దిగారు. ఈవిడ వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తారు, గురువారం గురువారం బాపట్ల వచ్చి వీళ్ళతో కలుస్తారు.

"బ్యాటరీ నాలుగు శాతమే ఉంది వదినా" అన్నారు నర్సుగారు కారులోకి తొంగి చూసి. "పెళ్ళివారి పల్లె ఇంకా పదిహేను కిలోమీటర్లు. పదకొండున్నరకు పెళ్ళి. మనం పాడందే పెళ్ళికూతురు చర్చి గుమ్మం ఎక్కనని కూర్చుంటుంది. ఆ పిల్లకు పురుడు పోసింది నేను. దాని మంకుపట్టు నాకు తెలుసు."

"ఉండు, బ్యాంకుకు చేస్తా" అని మాస్టారి భార్య ఫోను తీశారు.

బ్రాంచిలో ఫోను ఎత్తేది ఎవరో మీకు తెలుసు. క్యాషియరు. మేడం సెలవులో ఉన్నారండి, సెల్లు నంబరిస్తాను రాసుకోండి అన్నాడట. అర నిమిషంలో అరటిగెలల వెనక నా సంచీలో ఫోను పాతకాలపు గంట మోతతో గణగణమంది.

ఎత్తక తప్పలేదు. "హలో" అన్నాను వీలైనంత చిన్నగా.

"హలో, కార్డుల మేడమాండి? నా కార్డు పనిచేయట్లేదండి."

"అవునండి. బ్లాక్ చేశానండి."

ఆవిడ ఫోను చెవి నుంచి తీసి చూశారు. నా మాట ఫోన్లోంచీ వస్తోంది, హోటలు వరండాలోంచీ వస్తోంది. మెల్లగా చలువ కళ్ళద్దాలు తీసి ఇటు తిరిగారు. ఇక దాక్కోవడంలో అర్థం లేదని మాస్టారు లేచి నిలబడ్డారు. తలకు అరటిగెల తగిలింది. చేతికి అల్లం పచ్చడి ఉంది.

"మీరా? పెన్షను పనన్నారు?"

"నువ్వు ప్రాక్టీసన్నావు."

"ప్రాక్టీసేనండి. కార్లో చేస్తున్నాం."

జీడిపప్పు ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు.

మాస్టారు మెట్లు దిగి వెళ్ళి కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "లైసెన్సుందా?"

ఆవిడ పర్సులోంచి తీసి ఇచ్చారు. ఆయన ముందువైపు చదివారు, వెనకవైపు చదివారు, ఎండకు ఎత్తి చూశారు. "మొదటిసారే పాసయ్యాను" అన్నారు ఆవిడ. ఆయన తనది ఎన్నోసారికి వచ్చిందో చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు గానీ, ఇద్దరి మధ్యా ఒక చూపు నడిచింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు నేర్పుతారని."

ఆ మాటకు నవ్వు నా గొంతు దాకా వచ్చింది, కానీ ఆవిడ ముఖం చూసి మింగేశాను. ఆవిడ నవ్వడం లేదు.

"మీరు పక్కన కూర్చుని చెబుతుంటే నాకు చేతులు వణుకుతాయండి. కూర తరిగేటప్పుడూ అంతే, చెక్కు మీద సంతకం పెట్టేటప్పుడూ అంతే. డ్రైవింగు స్కూలతను ఎన్ని తిట్టినా నాకు చీమ కుట్టినట్టు లేదు. ఎవరో పరాయి మనిషి. ఈ నర్సమ్మ కారు కొనుక్కుంది, నడపాలంటే భయం. నేను నడుపుతాలే, చార్జింగు కూడా నా వంతే అన్నాను. కష్టమొస్తే వాడుకోమని మీరిచ్చిన కార్డే కదండి. నడిరోడ్డు మీద కారు ఆగిపోతే కష్టమే కదా మరి."

మాస్టారు లైసెన్సును వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డారు. ఈలోగా దొంగ పడ్డాడనుకుని కార్డులు ఆపిన సంగతంతా నేనే ఆవిడకు గబగబా చెప్పేశాను. ఈ పెద్దవాళ్ళిద్దరి మధ్య ఏం విరిగినా అది నా నిర్లక్ష్యం వల్లే విరుగుతుంది.

"మరి దొంగలు పడ్డారని మీరు నాకెందుకు చెప్పలేదు?" అన్నారు ఆవిడ.

"నువ్వు భయపడతావని."

ఆవిడ ఆయన్ని చూశారు, ఆయన చేతికున్న పచ్చడిని చూశారు, పక్కనే ఆయన నోటు పుస్తకం పట్టుకుని నిలబడ్డ నన్ను చూశారు. ముందు ఆవిడే నవ్వారు. తర్వాత అందరం నవ్వాం. కొబ్బరిబోండాలాయనకు సంగతేంటో తెలియదు, అయినా నవ్వాడు.

నవ్వులయ్యాక నర్సుగారు వాచీ చూపించారు. మిషను మీద స్కాను చేసి ఫోనుతో కట్టొచ్చు కదా అన్నాను. ముగ్గురూ నావైపు అదోలా చూశారు. "మీరు మా స్త్రీల సమాజానికి వచ్చి చెప్పి వెళ్ళిన రోజునే డబ్బుల యాప్‌లన్నీ తీసేశామండి" అన్నారు జీడిపప్పు ఆవిడ. నా ఉపన్యాసాలు ఇంత బాగా పనిచేస్తాయని నేనెప్పుడూ అనుకోలేదు. నా ఫోనుతో నేనే కట్టాను. పచ్చదీపం వెలిగింది.

ఆఫీసులో ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ మర్చిపోతాను. కంప్లయింటు వెనక్కి తీసుకునే కాగితంలో కారణం అనే గడి ఉంది. అబద్ధం రాయడం ఇష్టం లేక, ఖాతాదారుని భార్య కారు నేర్చుకొనుట వలన, అని రాశాను. అది చదివాక మేనేజరు గారికి ఎక్కిళ్ళు ఆగిపోయాయి, శాశ్వతంగా అని క్యాషియరు అంటాడు. చూడకుండా రెండు కార్డులూ ఆపినందుకు నాకు పైనుంచి మెమో వచ్చింది. ముప్పైనాలుగేళ్ళలో నాకొచ్చిన ఒకే ఒక్క మెమో అది. న్యాయమైనదే. పిల్లలూ, కంపెనీ పేరు చూసి కంగారుపడకండి, దుకాణం అసలు పేరు ఒకటుంటే కాగితం మీద ఇంకొకటి పడుతుంది. ముందు చివరి నాలుగంకెలు చూడండి. మొదటి పేజీ అడగండి. ఆ తర్వాత, ఈ కార్డు ఇంకెవరి దగ్గరైనా ఉందా అని అడగండి. ఖాతాదారు గీసిన గీత ఆయన భయం ఎక్కడుందో చెబుతుంది, అంతే.

చార్జింగు ఎక్కుతున్న అరగంటా మాస్టారు ఆ మిషను ముందు నిలబడి దాని ఒంటి మీద రాసి ఉన్నదంతా చదివారు. తర్వాత మెల్లగా భార్య దగ్గరకు వచ్చి, "నిండా ఎక్కితే ఎంత దూరం పోతుంది?" అన్నారు. ఏసీ వేస్తే ఇంత, వేయకపోతే ఇంత, ముగ్గురమూ ఎక్కితే ఇంత అని ఆవిడ లెక్కగా చెప్పారు. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. ఆవిడ చెబుతుంటే ఆయన వినడం అదే మొదటిసారని నర్సుగారు నా చెవిలో అన్నారు.

"మీరిద్దరూ కూడా రండి, పెళ్ళి భోజనం చేద్దురు గాని" అన్నారు మాస్టారి భార్య కారు తలుపు తీస్తూ. మాస్టారితో మాత్రం, "ఒకటే షరతు. కార్లో మీరు మాట్లాడకూడదు."

"ఒక్క మాట కూడానా?"

"అది కూడా మాటేనండి."

వెనకసీట్లో ఎడమవైపు ఆయన, మధ్యలో నేను, కుడివైపు జీడిపప్పు ఆవిడ. కాలవ పక్కన సన్నటి రోడ్డు. గేదెలు అడ్డం వచ్చాయి, ఆవిడ నెమ్మదిగా ఆగి వాటిని పోనిచ్చారు. వరిగడ్డి ట్రాక్టరు ఎదురొచ్చింది, అంచుకు దిగి దారిచ్చారు. ప్రతిసారీ మాస్టారి కుడికాలు లేని బ్రేకును తొక్కింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ముగ్గురూ పాట అందుకున్నారు. సగం దారిలో ఆయన మోకాలి మీద తాళం వేయడం నేను చూశాను.

ఏడు నిమిషాలు ముందే చేరాం. పెళ్ళికూతురు నిజంగానే గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఈ ముగ్గురినీ చూసి లేచింది. వాళ్ళు లోపలికి పరుగెత్తారు. పాట మొదలైంది.

మాస్టారు లోపలికి రాలేదు. ఏమైందోనని వెనక్కి వెళ్ళి చూస్తే, కారుకూ చర్చి ప్రహరీ గోడకూ మధ్య జాన పెట్టి కొలుస్తున్నారు.

"జానెడు" అన్నారు నాతో. "ముందు జానెడు, వెనక జానెడు. నేనైతే పెట్టలేనండి."

"ఆ మాట ఆవిడతో చెప్పండి."

"చెబుతాను. ఇప్పుడు పాడుతోంది కదా" అని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు.

భోజనాలయ్యాక బాపట్ల బయల్దేరాం. అక్కడ కారు దిగి మాస్టారు, ఆవిడ, నేను ముగ్గురం రైల్లో తెనాలి వెళ్ళాలి. నర్సుగారు ముందుసీటు ఖాళీ చేసి కూర్చోమంటే మాస్టారు తల అడ్డంగా ఊపారు. ముందు కూర్చుంటే నోరు ఊరుకోదని సైగ చేసి మళ్ళీ వెనకే ఎక్కారు.

పల్లె రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట ఎడమపక్క ఒక లారీ ఆగి ఉంది. దాని అవతల ఏముందో కనపడటం లేదు. ఆవిడ కారు ఆపారు. కొంచెం ముందుకు జరిపి చూశారు, మళ్ళీ ఆపారు. వెనకనుంచి ఆటో హారను కొడుతోంది. ఆవిడ చేతులు స్టీరింగు మీద నిలకడగానే ఉన్నాయి. అద్దంలోంచి వెనక్కి చూశారు.

"ఏమండీ, అటు ఏమైనా వస్తోందా?"

మాస్టారు నావైపు చూశారు, నిజంగా తననేనా అన్నట్టు. నేను తలూపాను. గబగబా అద్దం దించి భుజాల దాకా బయటికి వంగారు.

"బస్సొస్తోంది. ఆగు."

బస్సు వెళ్ళింది.

"వెనకాల రెండు బళ్ళు. ఆగు."

అవీ వెళ్ళాయి.

"ఇప్పుడు ఎవరూ లేరు. రా, రా, రా."

కారు పెద్ద రోడ్డెక్కింది. ఆయన జుట్టంతా గాలికి నిలబడింది. ఇక చాలు, లోపలికి రండి అని ఆవిడ రెండుసార్లు పిలిచారు. బాపట్ల దాకా ఆయన తల లోపలికి తీయలేదు.